ముందు మట్టి, ఆ తరువాతే పెట్టె

ఉడుము పిల్లను పెంచుదామనుకునేవాళ్ళు సాధారణంగా మొదట గాజు తొట్టి కొంటారు. తరువాత ఒక దీపం, అడుగున పరవడానికి పచ్చటి ప్లాస్టిక్ చాప, మూలకు ఒక నీళ్ళ గిన్నె. మట్టి సంగతి చాలామందికి గుర్తుకే రాదు. మా ఇంటికి సవానా ఉడుము పిల్ల రావచ్చని తెలిసినప్పటి నుంచి దాని గురించి చదివినకొద్దీ, పెంచినవాళ్ళను అడిగినకొద్దీ నాకు బోధపడింది ఒక్కటే. ఈ ప్రాణికి ఇల్లంటే మట్టే. గోడలూ దీపాలూ ఆ మట్టిని చూసుకుని ఏర్పాటు చేసుకోవలసినవి. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, చాప మీద పెరిగి ఎండిపోయిన పిల్లల ఫొటోలు నేను చాలా చూశాను. కాలి వేళ్ళ చివర కుబుసం పేరుకుపోయి, రక్తం ఆడక ఆ వేళ్ళే రాలిపోయిన పిల్లలు అవి. చూస్తే కడుపులో దేవినట్టవుతుంది.

మేముండేది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో. విశాఖపట్నంలో ఉండే మా చిన్నాన్నగారి అబ్బాయికి విదేశంలో ఉద్యోగం వచ్చింది. తన దగ్గరున్న పిల్లను ఎవరికి అప్పగించాలా అని వెతుకుతూ నన్ను అడిగాడు. "అక్కా, నువ్వయితే చూసుకుంటావు" అన్నాడు. సరేననే ముందు రెండు షరతులు పెట్టాను. కాగితాలు నా పేరు మీదికి మారాలి, ఇల్లు పూర్తిగా సిద్ధం కావాలి. అప్పటిదాకా పిల్ల వాడి దగ్గరే ఉండాలి.

కాగితాల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. మన పొలం గట్ల మీద కనిపించే ఉడుమును పట్టుకున్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. మన దేశంలో ఉన్న నాలుగు రకాల ఉడుములూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. శిక్ష 3 నుంచి 7 ఏళ్ళ జైలు. మాంసానికీ తోలుకీ చంపడం ఒక ఎత్తయితే, మగ ఉడుము జననాంగాలను ఎండబెట్టి 'హత్థాజోడీ' అనే వేరని నమ్మించి పూజకు అమ్మే దందా మరో ఎత్తు. అది వేరు కాదు, చంపిన ఉడుము శరీర భాగం. తాయెత్తు అనుకుని కొనుక్కున్నవాళ్ళ మీద కూడా కేసు పడుతుంది.

సవానా ఉడుము ఆఫ్రికా జంతువు. సహారా ఎడారికి దిగువన సెనెగల్ నుంచి తూర్పుగా సూడాన్ దాకా గడ్డి మైదానాల్లో ఉంటుంది. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో దీని పేరు ఉంది. మన చట్టాన్ని 2022లో సవరించాక, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జంతువులు ఎవరి దగ్గరున్నా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారితే అదీ తెలియజేయాలి. మా తమ్ముడి దగ్గర నమోదు పత్రం ఉంది కాబట్టే నేను ముందుకు వెళ్ళాను. అది లేకపోతే అడుగు వేసేదాన్ని కాదు. బదిలీ పూర్తయ్యాక పత్రం నకలు, పిల్ల ఫొటోలు తీసుకుని ఇక్కడి అటవీ కార్యాలయానికి నేనే వెళ్ళి చూపించాను. మా వీధిలో ఒడియావాళ్ళు దాన్ని చూస్తే 'గోధి' అంటారు, తెలుగువాళ్ళు ఉడుమంటారు. ఎవరో ఒకరు ఫోను చేయడం ఖాయం. వాళ్ళు అలా చేయడమే సబబు కూడా. పొట్టి ముట్టె, లావాటి మెడ, బూడిద రంగు ఒంటి మీద ముదురు అంచున్న లేత చుక్కలు చూపించి, మన ఉడుముకూ దీనికీ తేడా చెప్పాను. ఆ అధికారి ఓపికగా విని ఒక నకలు ఫైలులో పెట్టుకున్నారు.

ఇక ఇల్లు. ఘానా తీర మైదానాల్లో ఈ జాతి పిల్లలను గమనించినవాళ్ళు చెప్పేదేమిటంటే, అవి పెద్ద కీచురాళ్ళు తవ్విన బొరియల్లో దూరి బతుకుతాయి. ఆ కీచురాళ్ళనే తింటాయి కూడా. బయట ఎండ మాడుస్తున్నా బొరియ లోపల చల్లగా, తేమగా ఉంటుంది. ఒంట్లో నీరు ఆవిరి కాకుండా అవి కాపాడుకునేది అక్కడే. మనం గదిలో దీపం పెట్టి గాలిని ఎండబెట్టేసి, దూరడానికి బొరియ లేకుండా చేస్తే, ఎన్ని నీళ్ళ గిన్నెలు పెట్టినా పిల్ల లోలోపల ఎండిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆకలి తగ్గి, డీలాపడి, జబ్బు బయటపడేసరికి చేయి దాటిపోతుంది.

పుట్టినప్పుడు అరచేతిలో పట్టే పిల్ల ఏడాది తిరిగేసరికి రెండడుగులు దాటగలదు. పెద్దదైతే మూడడుగులు, ఒక్కోసారి నాలుగడుగుల దాకా సాగుతుంది. దానికి కనీసం 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న చోటు, 2 అడుగుల లోతు మట్టి కావాలి. లెక్క వేస్తే అది 64 ఘనపుటడుగులు, అంటే సుమారు 1.8 ఘనమీటర్లు. తడిసిన మట్టి ఘనమీటరుకు సుమారు 1,600 కిలోలు తూగుతుంది. మొత్తం 3 టన్నులకు కాస్త తక్కువ. మేడ మీద గదిలో పెట్టే మాటే లేదు. మావారు కాగితం మీద ఈ లెక్క చూసి, పెరటి వైపు వసారాను ఆనుకుని ఉన్న కింది గదిని ఖాళీ చేసి ఇచ్చారు.

చాలామంది చెక్కతో చేయిస్తారు. మా ప్రాంతంలో చెదలు సంగతి తెలిసినవాళ్ళెవరూ తడి మట్టిని చెక్కపెట్టెలో పోయరు. అందుకే కింది సగం ఇటుకతో కట్టించి, పై సగం చెక్కతో, గాజుతో చేయించాలని నిర్ణయించాను. తాపీమేస్త్రి 9 అంగుళాల గోడతో రెండున్నర అడుగుల ఎత్తు తొట్టి కట్టాడు. లోపల నున్నగా ప్లాస్టరింగ్ చేయమంటే, "నీళ్ళు నింపే తొట్టికయితే చేస్తాం, మట్టి పోసేదానికి ఎందుకమ్మా?" అన్నాడు. పిల్ల గోళ్ళతో తవ్వుతుంది, గరుకు ఇటుకకు ముట్టె రాసుకుని పుండు పడుతుంది అని చెప్పాను. అప్పటి నుంచి మూలలన్నీ తనే గుండ్రంగా తిప్పాడు. గచ్చు ఒక వైపుకు వాలుగా పోయించి, వాలు చివర చిన్న గొట్టం పెట్టించాను. నీళ్ళు అడుగున నిలిచిపోతే మట్టి కుళ్ళి వాసన వేస్తుంది. గొట్టం మూతికి వల, దాని మీద కంకర. కొత్త సిమెంటులో సున్నం గుణం ఉంటుంది కాబట్టి, తొట్టిని నీళ్ళతో నింపడం, పారబోయడం, మళ్ళీ నింపడం కొన్ని వారాల పాటు సాగింది. ఈ పని తొందరగా ముగించేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ముగించకండి.

మట్టి మా పొలం నుంచే తెచ్చాం. అయితే వరి మడిలోది కాదు. అందులో ఎరువులూ పురుగుమందులూ ఉంటాయి. ఎన్నడూ సాగు చేయని దిబ్బ పక్క ఎర్రమట్టి, దానికి కాస్త ఇసుక కలిపాం. పాళ్ళు కొలిచే పద్ధతి చేతిలోనే ఉంది. తడిపిన మట్టిని పిడికిట్లో గట్టిగా నొక్కి చేయి తెరిస్తే ముద్ద విడిపోకూడదు. వేలితో పొడిస్తే రెండు ముక్కలు కావాలి. ముద్ద కట్టకపోతే ఇసుక ఎక్కువైనట్టు, బొరియ కూలిపోతుంది. వేలు దిగబడి జిగురుగా అంటుకుంటే బంక ఎక్కువైనట్టు, ఆరాక రాయిలా బిగిసి పిల్ల తవ్వలేదు. రాళ్ళూ గాజుపెంకులూ లేకుండా జల్లెడ పట్టి, పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనూ నీళ్ళు చిలకరించి అదిమాం. ఇంటి పునాదిలో మట్టి కూరే పద్ధతే ఇది. నింపేటప్పుడే ఒక వెదురు బొంగును ఏటవాలుగా పాతిపెట్టి, అంతా అయ్యాక మెల్లగా లాగేశాం. పిల్లకు మొదటి బొరియ అలా సిద్ధమైంది.

మొత్తం తొట్టిని ఒకేసారి నింపలేదు. మధ్యలో గట్టి అడ్డు బిగించి, ఒక సగంలోనే ఒకటింబావు అడుగు లోతున పోశాం. పిల్ల చిన్నదిగా ఉన్నప్పుడు తింటోందా లేదా, విసర్జిస్తోందా లేదా కంటికి ఆనాలి. చోటు ఎక్కువైతే పిల్లకు హాని అని కొందరంటారు. నేను ఒప్పుకోను. దాక్కోవడానికి చాలినన్ని చోట్లు ఉంటే పెద్ద చోటు దాన్ని భయపెట్టదు. అడ్డు పెట్టింది నా కంటి కోసమే.

పై భాగానికి వడ్రంగి మెరైన్ ప్లైవుడ్ వాడాడు. లోపలి వైపు నీరు అంటని పూత పూసి, ఆ వాసన పూర్తిగా పోయేదాకా తెరిచి ఉంచాం. పైకప్పుకు వల వద్దని పట్టుబట్టాను. వల పెడితే దీపం వేడీ, మట్టి తేమా రెండూ పైకి ఎగిరిపోతాయి. గాలి ఆడడానికి ఇరువైపులా చిన్న కన్నాలు చాలు. ముందు జరిపే గాజు తలుపులు, వాటికి తాళం. ఉడుము పట్టు అని ఊరికే అనలేదు. గోరు దూరే సందు దొరికితే ఈ పిల్ల తలుపును జరపగలదు, సన్న వలను చీల్చగలదు.

వేడి విషయంలో అంకెలు తెలియకుండా పని మొదలుపెట్టకూడదు. ఎండ కాచుకునే బండ మీద 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ ఉండాలి అంటే మా అత్తగారు ఉలిక్కిపడ్డారు. "అమ్మాయీ, అంత వేడి మీద పడుకుంటే కాలిపోదూ?" అని అడిగారు. అది పడుకుని నిద్రపోయే చోటు కాదు. పిల్ల వచ్చి కాసేపు ఒళ్ళు వేడెక్కించుకుని దిగిపోతుంది. దాని ఒంటి వేడి 36 డిగ్రీల దరిదాపులకు చేరితే చాలు. బండ చాలినంత వేడిగా లేకపోతే ఆ వేడి కోసం గంటల తరబడి దీపం కిందే పడి ఉంటుంది, అలా పడి ఉన్నంతసేపూ ఎండిపోతుంది. అటు చివర మాత్రం 25 నుంచి 27 డిగ్రీలకు మించకూడదు. ఎక్కడ ఉండాలో తేల్చుకోవడం దాని పని. ఆ తేడాను చోటు ఇచ్చి చూపించడం మన పని.

ఒకే పెద్ద బల్బు కన్నా 50 వాట్ల హాలోజెన్ దీపాలు మూడు పక్కపక్కన పెట్టడం మేలు. ఒక్క దీపమైతే దాని వెలుగు వీపు మధ్యలో ఒక్కచోటే పడుతుంది. తల, తోక చల్లగా ఉండిపోతాయి కాబట్టి పిల్ల కదలకుండా అక్కడే ఉంటుంది, వీపు కాలుతుంది. హోల్డర్లు పింగాణీవి వాడాం. ప్లాస్టిక్‌వి కరిగిపోతాయి. పిల్ల ఎగబాకి దీపాన్ని ముట్టుకోకుండా చుట్టూ ఇనుప తడిక బిగించాం. కింద పెట్టింది కడప బండ ముక్క. దాన్ని మట్టి మీద పెట్టలేదు, అడుగున గచ్చు నుంచి కట్టిన ఇటుక దిమ్మల మీద ఆనించాం. పిల్ల తప్పకుండా దాని కింద తవ్వుతుంది. మట్టి మీద పెట్టిన బండ ఒరిగి పడితే పిల్ల నలిగిపోతుంది. ఈ ఒక్కటి మాత్రం ఎవరూ మరచిపోకూడదు.

వేడి కొలవడానికి గోడకు అంటించే గుండ్రటి మీటర్లు పనికిరావు. అవి గోడ వేడి చెబుతాయి, బండ వేడి చెప్పవు. టెంపరేచర్ గన్ కొన్నాం. దీపాలు వేసి గంటాగి కొడితే బండ నడిమి 58, అంచు 49, రెండడుగుల అవతల మట్టి 31, చల్లటి మూల 26, బొరియ మూతి దగ్గర 25 చూపించింది. ఈ అంకెలు నోట్‌బుక్‌లో రాసి గది తలుపుకు వేలాడదీశాను. ఎవరు దీపం సర్దినా మళ్ళీ కొలిచి రాయాలి.

అతినీలలోహిత కిరణాల ట్యూబు కూడా పెట్టాం. ఎముకలకు క్యాల్షియం పట్టాలంటే వాటిలో యూవీ-బీ అనే రకం కావాలి. కిటికీ పక్కన ఎండ పడుతోందిగా అని సరిపెట్టుకోకూడదు. గాజు ఆ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. ట్యూబు పైకి వెలుగుతూనే ఉన్నా, ఏడాది తిరిగేసరికి దాని సత్తువ తగ్గిపోతుంది కాబట్టి మార్చే తేదీని దాని మీదే రాసి పెట్టాం.

మా ఊళ్ళో అందరికీ తెలిసిన ఉపద్రవం చీమలు. తినగా మిగిలిన పురుగు ముక్కకు ఎర్రచీమలు బారులు తీరి వస్తాయి. నిద్రలో ఉన్న చిన్న పిల్లను అవి కుట్టి చంపగలవు. వంటింట్లో బెల్లం డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టే అత్తగారి పద్ధతిని మేస్త్రికి చెప్పి, తొట్టి చుట్టూ రెండంగుళాల కాలువ తీయించాను. అందులో నీళ్ళు రోజూ మార్చాలి, లేదంటే దోమలు పెరుగుతాయి. తొట్టి గోడకు, గది గోడకు మధ్య జానెడు ఖాళీ వదిలాం. గోడ మీదుగా దారి ఉంటే కాలువ ఉండి లాభం లేదు.

మేత కూడా ఇంట్లోనే పెరగాలి. పొలంలో మిడతలు పట్టుకొచ్చి వేస్తే చాలదా అని అడిగినవాళ్ళున్నారు. పురుగుమందు కొట్టిన చేలో మిడత విషమే. ఒక ప్లాస్టిక్ డబ్బాలో కీచురాళ్ళు, ఇంకో దానిలో మీల్‌వర్మ్ పురుగులు, వర్మీకంపోస్టు గుంటలో వానపాములు పెంచుతున్నాం. పిల్లకు రోజూ మేత వేయాలి. పురుగులను క్యాల్షియం పొడిలో దొర్లించి వదలాలి. ఎలుకలూ మాంసం ముక్కలూ అలవాటు చేస్తే కాలేయానికి కొవ్వు పట్టి తొందరగా చచ్చిపోతుంది. సవానా ఉడుము పురుగులు, నత్తలు తిని బతికే జంతువు. బలిసిన ఉడుమును చూసి మెచ్చుకోవడం మానాలి.

పిల్లను తెచ్చింది రాత్రిపూట, గుడ్డ సంచిలో, చిల్లులున్న డబ్బాలో పెట్టుకుని. సంచి మూతి విప్పి బొరియ పక్కన ఉంచి తలుపు వేసేశాం. తెల్లారేసరికి సంచి ఖాళీ, బొరియ మూతి దగ్గర కొత్త మట్టి. మావారికీ పిల్లలకూ ముందే చెప్పాను, పట్టుకోవద్దు, తవ్వి చూడొద్దు, గాజు మీద తట్టొద్దు అని. చాలా రోజుల పాటు మేత మాయం కావడం తప్ప ఏమీ కనబడలేదు. ఒక ఉదయం దీపాలు వెలిగిన కాసేపటికి బొరియ మూతిలో ముట్టె కదిలింది. కనురెప్పల మీద ఎర్రమట్టి అద్దుకుని ఉంది. చీలిన నాలుక, నీలం కలిసిన రంగులో, రెండుసార్లు బయటకు వచ్చి గాలిని తడిమి లోపలికి పోయింది. ఆ తరువాత భుజాలు, పొట్ట, తోక. బండ దాకా నడిచి, పొట్ట ఆనించి, పక్కటెముకలు వెడల్పు చేసి పరచుకుంది. నిజానికి ఆ క్షణం నాకు పిల్ల కన్నా బొరియ ఎక్కువ నచ్చింది. బొంగు తీసిన కన్నాన్ని తనే వెడల్పు చేసుకుంది, లోపల మలుపు తిప్పుకుంది, పైకప్పు కూలలేదు. మట్టి నిలబడింది.

తేమ కోసం రోజూ గాలిలో చిలకరించే పద్ధతి నాకు నచ్చదు. పైపొర తడిసి అడుగు ఎండిపోతుంది. చల్లటి మూలలో పాతిన సన్న గొట్టం గుండా నీళ్ళు అడుగుకు వదులుతాం. మట్టి కింది నుంచి తేమ పైకి లాగుతుంది. పైపొర పొడిగా, బొరియ తడిగా ఉంటుంది. వేసవిలో పర్లాకిమిడి ఎండలకు గదే మండిపోతుంది కాబట్టి, దీపాలు పొద్దున్నే వేసి మధ్యాహ్నానికి రెండు ఆర్పేస్తాం. ట్యూబు మాత్రం పగలంతా వెలుగుతుంది. చలికాలం రాత్రుల్లో వెలుతురు లేకుండా వేడినిచ్చే సిరామిక్ హీటరు ఒకటి చాలు.

కరెంటు గురించి ఇక్కడివాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లాను ఎంత చీకటిలో ముంచిందో అందరికీ గుర్తే. అందుకే ఇన్వర్టరు మీద ఒక దీపం వేరుగా కలిపించాం. అదీ ఆగిపోతే ఏం చేయాలో ముందే నిర్ణయించుకున్నాం. మేత ఆపేయాలి, ఎందుకంటే ఒళ్ళు వేడెక్కకపోతే తిన్నది అరగక పొట్టలోనే కుళ్ళుతుంది. తొట్టి తెరవకూడదు. లోతైన మట్టి వేడిని తొందరగా వదలదు, పిల్ల బొరియలోనే రోజులు గడపగలదు.

సరీసృపాలను చూసే పశువైద్యుడు ఎవరో పిల్ల రాకముందే తెలుసుకోవాలి. ప్రతి పశువుల ఆసుపత్రిలోనూ వీటిని చూడరు. మాకు అందుబాటులో ఉన్నవి విశాఖపట్నం, భువనేశ్వర్. రెండు చోట్లా ఎవరిని కలవాలో అడిగి నంబర్లు రాసుకున్నాం. తొట్టిలో చేయి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోవాలని పిల్లలకు గట్టిగా చెప్పాం. సరీసృపాల ఒంటి మీద ఉండి మనకు విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా క్రిములు పైకి కనిపించవు.

ఇప్పుడు పిల్ల తోకతో కలిపి అడుగున్నర దాటింది. అడ్డు తీసి రెండో సగం కూడా నింపాలి. వానలు వెనకబట్టి దిబ్బ పక్క మట్టి ఆరాక ట్రాక్టరు పురమాయిస్తాం. ఈసారి లోతు రెండడుగులు, పాత సగంలో బొరియ ఉన్న వైపు కదపకుండా.